ప్రాసెసరు వేగమును హెచ్చించుట, నిలకడను పరీక్షించుట

ఇంట నున్న మేజా కంప్యూటరును ఇంకను వేగముగా నడిపింపవచ్చునా యను ప్రశ్న మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులకు తరచుగా కలుగుచున్నది. క్రొత్త యంత్రము కొనుటకు ధనము చాలనిచోట, ఉన్న యంత్రమునే త్వరపెట్టవలెనను కోరిక సహజమే. నిర్మాత నిర్ణయించిన వేగమును మించి ప్రాసెసరును నడుపుటకు ఓవర్‌క్లాకింగు అని పేరు. తెలిసి చేసినచో ఇది చక్కని ప్రయోగపాఠము. తెలియక చేసినచో యంత్రము చెడునని యెల్లరును భయపడుదురు. కాని అంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. యంత్రము ఆగక, ఎవరికిని చెప్పక, తప్పు లెక్క చేయుటయే ఆ కీడు. ఈ పని యెట్లు చేయవలెనో, నిలకడ తప్పినపుడు కారణమును ఎట్లు వెదకవలెనో, ఎవరు దీని జోలికి పోరాదో ఈ వ్యాసమున క్రమముగా వివరింతుము.

వేగమన నేమి?

ప్రాసెసరులో ప్రతి పనియు ఒక తాళమునకు లోబడి జరుగును. ఆ తాళమును గడియారపు స్పందన అందురు. నేటి యంత్రములలో మూలస్పందన సాధారణముగా సెకనుకు 10 కోట్లు, అనగా 100 మెగాహెర్ట్జులు. దీనిని ఒక గుణకముతో హెచ్చింపగా ప్రాసెసరు వేగము వచ్చును. గుణకము 36 అయినచో వేగము 3,600 మెగాహెర్ట్జులు, అనగా 3.6 గిగాహెర్ట్జులు. సెకనుకు 360 కోట్ల స్పందనలన్నమాట. ఒక్కొక్క స్పందనకు దొరకు కాలము సెకనులో వందకోట్లవ వంతునకు మూడవ పాలుకంటె తక్కువ. ఆ కాలములో వెలుతురు కూడ జానెడు దూరము పోజాలదు.

ఈ సూక్ష్మకాలములోనే విద్యుత్సంకేతము వరుసగా నున్న అనేక ట్రాన్సిస్టరుల గుండ పోయి, తుదిని స్థిరపడవలెను. నిత్యము పారు నది లేని మన కోలారు జిల్లాలో చెరువులే ఆధారము. చెరువు పూడిక తీయునపుడు మట్టితట్టలను వరుసగా నిలిచినవారు ఒకరికొకరు అందించుట చదువరులు చూచియే యుందురు. మేస్త్రి ఈల వేసినపుడెల్ల తట్ట ఒక చేతినుండి మరియొక చేతికి పోవలెను. ఈలలు మరీ త్వరగా వచ్చినచో, తట్ట చేతికందకమునుపే తరువాతి ఈల వచ్చును. తట్ట నేల పడును. గుణకమును పెంచుటయన ఈలలను త్వరపెట్టుట. తట్ట నేల పడుటయన ప్రాసెసరు తప్పు లెక్క చేయుట. వోల్టేజిని పెంచినచో ట్రాన్సిస్టరులు మరింత చురుకుగా పనిచేయును. కాని పనివారికి చెమట పట్టినట్లు వేడియు హెచ్చును.

నిర్మాత విడిచిన అంతరము

అట్లయినచో నిర్మాతయే మొదట ఎక్కువ వేగమును ఏల నిర్ణయింపలేదని అడుగవచ్చును. ఒకే పలకనుండి కోసిన చిప్పులన్నియు ఒకే రీతిగ నుండవు. కొన్ని చురుకైనవి, కొన్ని మందమైనవి. ఆ తరగతిలోని మిక్కిలి మందమైన చిప్పు కూడ వేసవి వేడిలో, ఏండ్లు గడచిన పిమ్మట సైతము తప్పక పనిచేయు వేగమునే నిర్మాత పెట్టెపై వ్రాయును. కనుక చురుకైన చిప్పులకు కొంత అంతరము మిగులును. 1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ అను ప్రాసెసరు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. దాని గుణకము 4.5, మూలస్పందన 66 మెగాహెర్ట్జులు. మూలస్పందనను 100కు మార్చినంతనే 300 మెగాహెర్ట్జుల ప్రాసెసరు 450 వద్ద నడచెడిది. వేగము సగమునకు సగము పెరిగినదన్నమాట.

అట్టి కాలము నేడు లేదు. వేడివలన 2004లో ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జుల పెంటియమ్ 4ను విడుదల చేయక మానుకొనెను. 2008 నుండి ఆ సంస్థ టర్బో బూస్టు అను ఏర్పాటును ప్రాసెసరులలో నుంచెను. అనుకూలముగా నున్నపుడు ప్రాసెసరు తనంతట తానే వేగమును పెంచుకొనును. ఏఎమ్‌డీ సంస్థ ప్రాసెసరులును ఇట్లే చేయును. మిగిలియున్న అంతరమును నిర్మాతయే చాలవరకు వాడుకొనుచున్నాడు గనుక, నేటి ప్రారంభకునకు చిక్కునది స్వల్పము. ఈ సంగతిని మొదటనే తెలిసికొనుట మేలు.

వేడి లెక్క

ప్రాసెసరు పనిచేయునపుడు వ్యయమగు విద్యుత్తు, వేగముతో సమముగను, వోల్టేజి యొక్క వర్గముతో సమముగను పెరుగును. వేగమును నూటికి 10 వంతున పెంచి, అందుకు వోల్టేజిని 1.20 నుండి 1.32కు, అనగా నూటికి 10 వంతునే పెంచితిమనుకొందము. అపుడు వ్యయము 1.1ను 1.1తో, మరల 1.1తో హెచ్చింపగా 1.331 రెట్లగును. మునుపు 65 వాట్లు వ్యయమగుచుండినచో ఇపుడు సుమారు 86 వాట్లు. ఈ విద్యుత్తంతయు తుదకు వేడిగనే మారును. లాభమన్ననో, ఒక గంట పట్టు పని 54 నిముషములన్నరలో ముగియుట; అదియు పనియంతయు ప్రాసెసరుమీదనే ఆధారపడినపుడు మాత్రమే. నూటికి 10 వంతుల వేగమునకు 33 వంతుల వేడి: ఇదియే ఈ విద్యలోని ముఖ్యసూత్రము.

మన ప్రాంతపువారికి ఈ సంగతి క్రొత్తది కాదు. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులు 3 కిలోమీటర్ల లోతును దాటినవి. అంతటి లోతున రాతి ఉష్ణము 60 డిగ్రీలను మించెను. పనివారు అచట నిలువగలుగుటకు చల్లబరచిన గాలిని లోనికి పంపవలసివచ్చెను. గని యెంత లోతునకు పోవచ్చుననుటను నిర్ణయించినది అడుగున నున్న బంగారము మాత్రమే కాదు, అచటి వేడిని పైకి తోడివేయగల శక్తియు. ప్రాసెసరు విషయమును అట్లే. 2022లో విదేశములందలి నిపుణులు ఇంటెల్ కోర్ ఐ9-13900కె అను ప్రాసెసరును ద్రవ హీలియముతో చల్లబరచి 9 గిగాహెర్ట్జులను దాటించిరి. కాని అది కొన్ని క్షణముల వినోదము. మన బల్లమీది యంత్రమునకు గాలిపంకాయే దిక్కు.

ఏ యంత్రము యోగ్యము?

అన్ని యంత్రములును ఈ పనికి తగవు. ఇంటెల్ మేజా ప్రాసెసరులలో పేరు చివర ‘కె’ అను అక్షరము గలవానికి, లేదా ‘కెఎఫ్’ గలవానికి మాత్రమే గుణకము సాధారణముగా విడిచిపెట్టబడియుండును. వానికి ‘జెడ్’ తరగతి మదర్‌బోర్డు కావలెను. ఏఎమ్‌డీ రైజెన్ మేజా ప్రాసెసరులలో చాలవానికి గుణకము విడిచియే యుండును. కాని ఎ320 వంటి చౌకరకపు బోర్డులు ఆ మార్పును అనుమతింపవు, బి450 వంటివి అనుమతించును. ల్యాప్‌టాపులను ఈ ప్రయోగమునకు వాడరాదు. వానిలో వేడి పోవుటకు చోటు చాలదు.

ఉదాహరణకు 2019లో వచ్చిన రైజెన్ 5 3600ను గైకొందము. దీనికి ఆరు కోరులు, మూలవేగము 3.6, గరిష్ఠవేగము 4.2 గిగాహెర్ట్జులు. ఇచ్చట ప్రారంభకులు ఒక చిక్కున పడుచుందురు. 3.6 అని పెట్టెమీద చూచి, గుణకమును 38కి మార్చి, వేగము పెంచితిమని సంతసింతురు. కాని ఆ ప్రాసెసరు చల్లగా నున్నపుడు, ఆరు కోరులకును పని యున్నను, ఎవరి ప్రమేయమును లేకయే దాదాపు 4 గిగాహెర్ట్జుల చెంత నడచుచుండును. ఒక్క కోరుకే పని యున్నపుడు 4.2 వరకు పోవును. చేతితో 38 అని బిగించినచో ఈ స్వయంచాలక వృద్ధి ఆగిపోయి, యంత్రము మునుపటికంటె మందగించును. కావున ఉన్న స్థితిలో యంత్రము నిజముగా ఏ వేగమున నడచుచున్నదో ముందు కొలిచి చూడవలెను.

పనికి ముందు చేయవలసినవి

మొదటిది: ముఖ్యమైన దస్త్రములనన్నిటిని వేరొక డిస్కుపైకి తీసి పెట్టవలెను. రెండవది: పెట్టె తెరచి దుమ్మును తుడువవలెను, పంకాలు తిరుగుచున్నవో లేదో చూడవలెను, ప్రాసెసరునకును చల్లబరచు దిమ్మెకును నడుమ నుండు లేపనము ఎండిపోయినచో క్రొత్తది పూయవలెను. మూడవది: బయాస్ లోని ప్రస్తుత విలువలనన్నిటిని నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. నాల్గవది అన్నిటికంటె ముఖ్యము: ఏ మార్పును చేయకమునుపే నిలకడ పరీక్షలు జరుపవలెను. నిర్మాత యిచ్చిన వేగము వద్దనే యంత్రము తప్పినచో, దోషము మెమరీలోనో, విద్యుత్తును అందించు డబ్బాలోనో, మరియొకచోటనో ఉన్నది. దానిని సరిచేయక వేగమును పెంచుట పునాది బీటలు వారిన యింటిపై మేడ కట్టుటవంటిది.

పరీక్షకు ప్రైమ్ 95 అను ఉచిత ప్రోగ్రాము ప్రసిద్ధమైనది. మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకుటకై 1996లో ఆరంభమైన ప్రపంచవ్యాప్త ప్రయత్నమునకు చెందినదిది. పరీక్షించునపుడు, సరియైన జవాబు ముందే తెలిసిన కఠినమైన లెక్కలను ప్రాసెసరుచే చేయించి, వచ్చిన ఫలమును దానితో పోల్చును. ఒక్క అంకె తప్పినను వెంటనే చెప్పును. మెమరీకి మెమ్‌టెస్ట్86, వేగము కొలుచుటకు సినీబెంచ్, ఉష్ణమును చూచుటకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనునవి వాడుకలో నున్నవి.

మెట్లు మెట్లుగా

యంత్రము ఆరంభమగునపుడు డిలీట్ మీటను గాని, బోర్డు సూచించిన మీటను గాని నొక్కి బయాస్ లోనికి పోవలెను. మెమరీ వేగమును ఇపుడు ముట్టరాదు. ఒకే కాలమున రెండు మార్పులు చేసినచో, తప్పు వచ్చినపుడు ఏది కారణమో తెలియదు. మన ఉదాహరణములోని ప్రాసెసరునకు గుణకమును 40 వద్ద, వోల్టేజిని 1.25 వద్ద నిలిపి ఆరంభింపవచ్చును. ‘ఆటో’ అని విడిచినచో కొన్ని బోర్డులు అవసరమునకు మించిన వోల్టేజి నిచ్చును గనుక సంఖ్యను మనమే వ్రాయుట క్షేమము.

యంత్రము నిలకడగా తెరచుకొన్నచో పది పదునైదు నిముషములు ప్రైమ్ 95ను నడిపి, వేడిని చూడవలెను. ఈ ప్రాసెసరునకు నిర్మాత చెప్పిన ఉష్ణపు హద్దు 95 డిగ్రీలు. నిండు పనిలో 85 దాటకుండ నుంచుట వివేకము. పరీక్ష నెగ్గినచో గుణకమును పావు మెట్టు, అనగా 25 మెగాహెర్ట్జులు పెంచి మరల పరీక్షింపవలెను. ఎచ్చట తప్పు వచ్చునో అచ్చట రెండు దారులు కలవు: ఒక మెట్టు దిగుట, లేక వోల్టేజిని 0.0125 మాత్రము పెంచుట. ప్రారంభకులు 1.30ని దాటవద్దని మా సలహా. వోల్టేజి పెంచినను తప్పు ఆగనిచో, లేక వేడి హద్దునకు చేరినచో, ఆ చిప్పు శక్తి అంతియే. అచ్చటనుండి ఒకటి రెండు మెట్లు దిగి ఆగవలెను. అటుపిమ్మట కొన్ని గంటలపాటు దీర్ఘపరీక్ష జరిపి, కొన్ని దినములు సాధారణమైన పనులలో వాడి చూచినగాని నిలకడ కుదిరినదని యనరాదు.

ప్రతి మార్పును తేదీతో, వోల్టేజితో, ఉష్ణముతో, ఫలితముతో నోటుపుస్తకమున ఒక్కొక్క పంక్తిగా వ్రాయవలెను. జ్ఞాపకశక్తిని నమ్మి ఈ పని చేయువారు మూడవ దినముననే దారి తప్పుదురు.

లక్షణములు, కారణములు

నిలకడ తప్పిన యంత్రము రోగివంటిది. లక్షణమును బట్టి కారణమును ఊహింపవలెను.

తెర వెలుగక, యంత్రము తెరచుకొనకయే యున్నచో, వేగము గాని మెమరీ అమరిక గాని హద్దు మీరినదన్నమాట. విద్యుత్తును పూర్తిగా తొలగించి, బోర్డుపై నున్న నాణెమువంటి బ్యాటరీని కొన్ని నిముషములు తీసి మరల పెట్టినచో, లేక అందులకై యున్న రెండు సూదులను బోర్డు పుస్తకము చెప్పినట్లు కలిపినచో, పాత విలువలు తిరిగి వచ్చును. ఇందుకు కంగారుపడ పనిలేదు.

నీలితెర వచ్చి దానిపై డబ్ల్యూహెచ్ఈఏ అను అక్షరములు కనబడినచో, చాలవరకు ప్రాసెసరునకు వోల్టేజి చాలలేదని భావము. ‘క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్’ అని కనబడినచో ఒక కోరు నియత కాలములో బదులు చెప్పలేదని భావము. దానికిని తరచుగా అదియే కారణము. ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని వచ్చినచో మొదట మెమరీని అనుమానింపవలెను. ప్రైమ్ 95లో ఒకే కోరు మాటిమాటికి తప్పుచున్నచో ఆ కోరు మిగిలినవానికంటె బలహీనమైనది. అన్ని కోరులను దాని వేగమునకే కట్టవలెను.

ఏ తప్పును చూపక వేగమే హఠాత్తుగా తగ్గినచో, వేడి హద్దునకు చేరి ప్రాసెసరు తన్ను తాను కాచుకొనుచున్నదని గ్రహింపవలెను. ఇట్టిచోట వోల్టేజిని పెంచుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. నిండు పని ఆరంభమైన క్షణముననే యంత్రము చప్పున ఆగిపోయినచో, విద్యుత్తునందించు డబ్బా చాలినది కాకపోవచ్చును. పని పెరిగినపుడు వోల్టేజి కొంత క్రుంగుట సహజము. ఆ క్రుంగుదలను సరిచేయు అమరిక బోర్డులలో నుండును. దానిని నడిమి మెట్టుననే యుంచవలెను. తుది మెట్టునకు తిప్పినచో పని తగ్గిన క్షణమున వోల్టేజి ఎగసి చిప్పునకు హాని చేయును.

అధిక వోల్టేజి చిప్పును నెమ్మదిగా ముసలిదానిని చేయుననుటకు ఇటీవలి నిదర్శనము కలదు. ఇంటెల్ 13వ, 14వ తరముల మేజా ప్రాసెసరులు కొన్ని అస్థిరములైనవని ఫిర్యాదులు రాగా, మితిమీరిన వోల్టేజియే అందులకు ముఖ్యకారణమని ఆ సంస్థ 2024లో ప్రకటించి, సవరణను విడుదల చేసి, హామీ కాలమును రెండేండ్లు పొడిగించెను. సవరణ వలన క్రొత్త హాని ఆగును గాని, అదివరకే చెడిన చిప్పు బాగుపడదు. నిర్మాత అమరికలోనే ఇట్లు జరిగినపుడు, చేతితో వోల్టేజి పెంచువారు ఎంత జాగరూకులై యుండవలెనో చెప్పనక్కరలేదు. పైగా, ఓవర్‌క్లాకింగు వలన కలిగిన హానికి నిర్మాతల హామీ సాధారణముగా వర్తింపదు.

మన యూరి పరిస్థితులు

పుస్తకములలో వ్రాయు కొలతలు చల్లని గదులలో తీసినవి. సుగటూరు వంటి పల్లెలో పుష్యమాసపు ఉదయమునను, చైత్రమాసపు మధ్యాహ్నమునను గదిలోని వేడి ఒకటి కాదు. గది ఉష్ణము పది డిగ్రీలు పెరిగినచో ప్రాసెసరు ఉష్ణమును ఇంచుమించుగా అంతయే పెరుగును. జనవరిలో నెగ్గిన యంత్రము ఏప్రిలులో తప్పుటకు ఇదియే హేతువు. కనుక పరీక్షను వేసవి మధ్యాహ్నమున జరుపవలెను. చలికాలములో జరిపినచో పది డిగ్రీల వెసులుబాటు మిగుల్చుకొనవలెను. మట్టిబాటల దుమ్ము దిమ్మె రెక్కలను మూయును గనుక రెండు మూడు మాసములకొకమారు తుడువవలెను.

1902లో శివసముద్రము జలపాతమునుండి సుమారు 147 కిలోమీటర్ల తీగెలపై బంగారు గనులకు విద్యుత్తు వచ్చిన జిల్లా మనది. అయినను బోరుబావి మోటారు ఆరంభమైనపుడు దీపములు మసకబారుట పల్లెలలో చూచుచునే యున్నాము. పరీక్ష జరుగునపుడు విద్యుత్తు క్రుంగి యంత్రము ఆగినచో, ఆ నేరమును ప్రాసెసరుపై మోపుదుము. అందుచేత యూపీఎస్ లేనిదే ఈ పరీక్షలకు పూనుకొనరాదు. యంత్రమునకు సరియైన ఎర్తు కూడ ఉండవలెను.

మౌనముగా చేయు తప్పు

నీలితెర మంచిది, అది తప్పును చాటి చెప్పును. చెప్పని తప్పు ప్రమాదకరము. వేగపు అంచున నడచు ప్రాసెసరు కోట్ల లెక్కలలో ఒక్కటి తప్పి, ఆగక ముందునకు సాగవచ్చును. ఆ తప్పు ఛాయాచిత్రములో పడినచో ఒక చుక్క రంగు మారును, ఎవరును గమనింపరు. పాల లెక్కలోనో, పట్టుగూళ్ల అమ్మకపు చిట్టాలోనో, పరీక్ష దరఖాస్తులోనో పడినచో ఒక కుటుంబము నష్టపడును. దస్త్రపు పట్టికలో పడినచో ఏండ్ల పని చెరగిపోవచ్చును.

ఓవర్‌క్లాకింగు లేకున్నను ఎపుడైన ఒక తప్పు దొర్లవచ్చును. ఆకాశమునుండి వచ్చు కాస్మిక కిరణముల వలన పుట్టిన కణములు మెమరీలో ఒక్కొక్కమారు సున్నను ఒకటిగా మార్చును. ఆ కిరణముల తాకిడిని తప్పించుకొనుటకే, 1965లో టాటా సంస్థ శాస్త్రజ్ఞులు ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయములవారితో కూడి, మన బంగారు గనులలో 2 కిలోమీటర్లకు మించిన లోతున యంత్రములను నిలిపి, వాతావరణములో పుట్టు న్యూట్రినోలను గుర్తించిరి. అయితే అట్టి తప్పులు మిక్కిలి అరుదు. వారమునకు రెండుమార్లు తప్పు వచ్చినచో ఆకాశమును నిందింపరాదు, గుణకమును దింపవలెను.

మా అభిప్రాయము

ఈ లెక్కలన్నియు చూచిన పిమ్మట ఇందువలన లాభమెంత? మన ఉదాహరణములోని ప్రాసెసరును 4 నుండి 4.2కు చేర్చినను గంట పని 57 నిముషములకు తగ్గును, అంతియే. యంత్రము మందముగా నున్నదని బాధపడువారు పాత హార్డుడిస్కు స్థానమున ఎస్ఎస్‌డీని అమర్చుకొన్నను, చాలని మెమరీని రెట్టింపు చేసికొన్నను కలుగు సౌఖ్యము ఇంతకంటె ఎంతయో ఎక్కువ. ఇంటిల్లిపాదికిని ఆధారమైన ఒకే యంత్రమును, ఊరివారి పనులు చేయు యంత్రమును, పాఠశాల యంత్రమును ఎన్నడును ఈ ప్రయోగమునకు లోబరుపరాదు. తలిదండ్రులు ఋణము చేసి కొన్న యంత్రము మీద విద్యార్థికి గల హక్కు వాడుకొనుటకే గాని పణముగా నొడ్డుటకు గాదు.

కాని ప్రక్కకు తీసిపెట్టిన పాత యంత్రమొకటి యున్నచో, పెద్దల అనుమతితో దానిపై ఈ ప్రయోగము చేయుడని మేము సంతోషముతో చెప్పుదుము. ఒక్కసారి ఒక్క మార్పే చేయుట, కొలుచుట, వ్రాయుట, తప్పు వచ్చినపుడు కారణమును వెదకుట, హద్దు తెలిసినపుడు ఆగుట: ఈ అయిదు అలవాట్లును ప్రయోగశాలలోను, కర్మాగారములోను, సేద్యములోను ఒక్కటే. మన పిల్లలకు మూడు నిముషముల లాభముకంటె ఈ అలవాట్లు అబ్బుటయే అధిక ప్రయోజనకరమని మా విశ్వాసము.